ఈడిపస్, మాక్బెత్, ఒట్రాంటో కోట: క్లైమాక్స్ ఎక్కడ, పెరిపెటియా ఎక్కడ?

ప్రశ్న — రెండో సెమిస్టర్

అందరికీ నమస్కారం. ఎంఏ ఇంగ్లిష్ పరీక్షకి ఒక వ్యాసం తయారు చేసుకుంటున్నాను. ప్రాచీన విషాద నాటకపు నిర్మాణం గోథిక్ నవలలోకి, అంటే పాత కోటలు, దయ్యాలు, భయం నిండిన నవలలోకి, ఎలా వచ్చిందన్నది అంశం. సొఫొక్లీస్ ఈడిపస్, షేక్‌స్పియర్ మాక్బెత్, వాల్పోల్ ఒట్రాంటో కోట తీసుకున్నాను. మూడింటికీ కథ ఎత్తుపల్లాలు చూపే ఫ్రైటాగ్ పిరమిడ్ గీసి, నాయకులకి తలా ఒక హమార్షియా (పతనానికి దారితీసే లోపం లేదా పొరపాటు) చూపించాలనుకున్నాను: ఈడిపస్‌కి గర్వం, మాక్బెత్‌కీ, ఒట్రాంటో ప్రభువు మాన్‌ఫ్రెడ్‌కీ అధికార దాహం.

చిక్కంతా ఈడిపస్‌తోనే వచ్చింది. క్లైమాక్స్ ఏదో తేలడం లేదు. జోస్యం చెప్పే టైరీసియస్‌తో గొడవా, గొర్రెల కాపరి నోరు విప్పడమా, కళ్ళు పొడుచుకోవడమా? పెరిపెటియా (కథ ఎదురు తిరగడం), క్లైమాక్స్ ఒకటేనా? ఒట్రాంటోలో ఆ పెద్ద శిరస్త్రాణం వచ్చి పడడాన్ని పిరమిడ్‌లో ఎక్కడ చూపించాలి?

జవాబు — తెరవెనుక

ఈడిపస్‌కి పిరమిడ్ గీయకండి. మీ చిక్కు అక్కడే మొదలైంది.

గుస్తాఫ్ ఫ్రైటాగ్ ఈ పిరమిడ్ వివరించే పుస్తకం రాసింది 1863లో. పరిచయం, ఆరోహణ, శిఖరం, అవరోహణ, వినాశం అన్న అతని ఐదు మెట్లు ఐదంకాల నాటకానికి చక్కగా సరిపోతాయి. మాక్బెత్‌కి హాయిగా గీయొచ్చు. కాకపోతే చాలామంది శిఖరాన్ని రెండో అంకంలో రాజు డంకన్ హత్య దగ్గర పెడతారు. అది కుదరదు. ఆ హత్య తర్వాతే మాక్బెత్‌కి కిరీటం దక్కింది, అంటే అతని దశ ఇంకా పైకే పోతోంది. మూడో అంకం మూడో రంగంలో, మాక్బెత్ చంపించబోయిన తోటి సేనాని బాంక్వో చస్తాడు గానీ కొడుకు ఫ్లియాన్స్ తప్పించుకుంటాడు. మాక్బెత్ వేసిన పథకాల్లో మొదటిసారి బెడిసికొట్టింది ఇదే. వెంటనే నాలుగో రంగంలో విందు, ఖాళీ కుర్చీలో బాంక్వో దయ్యం, ప్రభువులందరి ముందూ రాజు తడబాటు. శిఖరం ఈ రెండు రంగాల మధ్య ఉంది. అక్కణ్ణుంచి అతను ఏం చేసినా కిందికే.

ఈడిపస్ కథ వేరు. తండ్రి లాయస్‌ని చంపడం, తల్లి జొకాస్టాని పెళ్ళాడడం నాటకం మొదలయ్యేసరికే జరిగిపోయాయి. రంగస్థలం మీద జరిగేది విచారణ ఒక్కటే. దానికి విషాద నాటకం మీద అరిస్టాటిల్ రాసిన పొయెటిక్స్ 18వ అధ్యాయంలోని ముడి వేయడం, ముడి విప్పడం అన్న జంట వాడండి. నాటకానికి బయట జరిగిన సంగతులు కూడా ముడిలో భాగమేనని ఆయనే అంటాడు. నాయకుడి దశ తిరిగే చోటు దాకా ముడి, అక్కణ్ణుంచి చివరిదాకా విప్పడం.

ఇక పెరిపెటియా. 11వ అధ్యాయంలో అరిస్టాటిల్ ఇచ్చిన ఉదాహరణ ఈ నాటకంలోదే, కోరింత్ నుంచి దూత వచ్చే రంగం. తన తండ్రి అనుకుంటున్న పాలిబస్ పోయాడని దూత చెప్పగానే ఈడిపస్ ఊపిరి పీల్చుకుంటాడు, తండ్రిని చంపుతానన్న జోస్యం తప్పిపోయిందని. కానీ మెరోపీ బతికే ఉంది కదా, తల్లిని పెళ్ళాడతానన్న జోస్యం సంగతేమిటన్న భయం మిగిలింది. ఆ భయం కూడా పోగొడదామని దూత అంటాడు: వాళ్ళు నీ కన్నవాళ్ళు కారు, కితైరాన్ కొండ మీద లాయస్ గొర్రెల కాపరి నిన్ను నా చేతికిచ్చాడు. ఊరట కలిగిద్దామని అన్న మాటే కొంప ముంచింది. తలపెట్టిన పని దానికి సరిగ్గా ఎదురు ఫలితం ఇవ్వడమే పెరిపెటియా. ఉద్వేగం పతాకస్థాయికి చేరే చోటు వేరు, ఇది వేరు. కాబట్టి మీ వ్యాసంలో ఒకదాని బదులు ఇంకొకటి వాడొద్దు.

అదే రంగంలో ఎరుక, అంటే అనాగ్నొరిసిస్, ముందు జొకాస్టాకి కలుగుతుంది. ఇక అడగొద్దని బతిమాలి లోపలికి వెళ్ళిపోతుంది. ఈడిపస్‌కి తెలిసేది తర్వాతి రంగంలో, కాపరి నోటి నుంచి. కళ్ళు పొడుచుకోవడం మనం చూడం, లోపల్నుంచి వచ్చినవాడు చెప్తాడు. అది అరిస్టాటిల్ లెక్కలో పాథోస్, బాధాకరమైన చర్య. టైరీసియస్ రంగం ఇంకా ముడి వేయడంలోనిదే. నిజం అక్కడే బయటపడింది, ఈడిపస్ నమ్మలేదంతే.

హమార్షియా మాటకొస్తే, 13వ అధ్యాయంలో గర్వం ఊసే లేదు. దుర్మార్గం వల్ల కాకుండా ఏదో పొరపాటు వల్ల పడిపోయే మనిషి అని ఉంటుంది. మూడు దారులు కలిసే చోట ఎదురైన ముసలాయన ఎవరో తెలియక చంపడం అలాంటి పొరపాటు. మాక్బెత్ అలా కాదు, అన్నీ తెలిసే చంపాడు. ఎందుకు చంపకూడదో మొదటి అంకం ఏడో రంగంలో తనే ఏకరువు పెడతాడు. అతనికి 1904లో షేక్‌స్పియర్ విమర్శకుడు ఎ. సి. బ్రాడ్లీ చెప్పిన మాట బాగా నప్పుతుంది: మనిషి మొత్తంగా ఒకే కోరికకి, ఒకే ఆవేశానికి అంకితమైపోవడం. ఇద్దరినీ ఒకే మాట కింద కలిపేస్తే దిద్దేవాళ్ళు అక్కడే మార్కులు కోస్తారు.

జవాబు — పాత పుస్తకాల బీరువా

తెరవెనుక గారు చెప్పింది నాటకాలకి సరిపోతుంది. ఒట్రాంటో గురించి నేను చెప్తాను, మీ వ్యాసానికి అసలు బలం అక్కడుంది.

ముందు ముందుమాటలు చదవండి, రెండున్నాయి. 1764 డిసెంబరులో నవల వచ్చినప్పుడు వాల్పోల్ తన పేరు పెట్టుకోలేదు, పాత ఇటాలియన్ పుస్తకానికి అనువాదమని చెప్పుకున్నాడు. ఆ ముందుమాటలోనే ఇందులో నాటక నియమాలు దాదాపుగా పాటించారనీ, ప్రతిదీ నేరుగా వినాశం వైపే నడుస్తుందనీ, రచయిత వాడిన ప్రధాన సాధనం భయమనీ, దానికి తోడు జాలి అడుగడుగునా వస్తుందనీ రాశాడు. భయం, జాలి! పొయెటిక్స్ ఆరో అధ్యాయంలో విషాద నాటకానికి నిర్వచనం నిలబడింది ఈ రెండింటి మీదే. విషాద నాటకం గోథిక్‌లోకి ఎలా వచ్చిందన్న మీ ప్రశ్నకి ఇంతకంటే గట్టి సాక్ష్యం దొరకదు. నవలకి అధ్యాయాలు కూడా ఐదే. 1765 రెండో ముద్రణలో తన పేరు బయటపెట్టి, గోథిక్ కథ అని ఉపశీర్షిక చేర్చాడు. షేక్‌స్పియర్‌ని విమర్శించిన ఫ్రెంచి రచయిత వోల్తేర్‌కి ఎదురుగా షేక్‌స్పియర్‌ని వెనకేసుకొచ్చి, నౌకర్ల హాస్యాన్ని సమర్థించుకున్నది ఈ రెండో ముందుమాటలో. పరీక్షలో చాలామంది రెండింటినీ కలిపేస్తారు.

శిరస్త్రాణం పడడం పరిచయం కాదు, కథని కదిలించే ఘటన. పెళ్ళినాడు కొడుకు కాన్రాడ్ దాని కింద నలిగిపోగానే మాన్‌ఫ్రెడ్‌కి వారసుడు లేకుండా పోయాడు. అందుకే కోడలు కావలసిన ఇసబెల్లాని తనే చేసుకుంటానంటాడు. మిగతా కథంతా ఈ నిర్ణయం నుంచే పుట్టుకొచ్చింది. అసలు ముడి మాత్రం ఇంకా వెనక ఉంది: మాన్‌ఫ్రెడ్ తాత రికార్డో తన ప్రభువు అల్ఫాన్సోకి విషం పెట్టి కోట కాజేశాడు. ఈడిపస్‌లో లాగే నేరం పాతది, కథ దాన్ని తవ్వుతుంది.

ఐదో అధ్యాయంలో గుడిలో అల్ఫాన్సో సమాధి దగ్గర చీకట్లో ఒక ఆడమనిషి గొంతు వినిపిస్తుంది. ఇసబెల్లా అనుకుని మాన్‌ఫ్రెడ్ కత్తి దించుతాడు. చూస్తే కన్నకూతురు మటిల్డా. పెరిపెటియా, అనాగ్నొరిసిస్ ఒకే క్షణంలో జరిగిపోయాయి. రెండూ కలిసి రావడమే మేలని అరిస్టాటిల్ మాట. 14వ అధ్యాయంలో అయినవాళ్ళ మీద చెయ్యెత్తే పద్ధతుల్ని ఆయన వరసపెట్టి చూస్తాడు. తెలియక చేసి ఆ తర్వాత తెలుసుకోవడం వాటిలో మంచిదే, చేయబోయి గుర్తుపట్టి ఆగిపోవడం ఇంకా మంచిది అంటాడు. వాల్పోల్ వాడింది మొదటిది. అయితే ఇక్కడ మాన్‌ఫ్రెడ్ తెలియక చేశాడని అమాయకుణ్ణి చేయకండి. ఎవరన్నది తెలియలేదు గానీ చంపడం తెలిసే చేశాడు. అందుకే అతను సగం ఈడిపస్, సగం మాక్బెత్ అంటాను.

రెండో అధ్యాయంలో థియోడోర్ అనే యువకుడి తల నరకబోతుంటే చొక్కా జారి, భుజం మీద రక్తపు బాణం గుర్తు బయటపడుతుంది. జెరోమ్ అనే సన్యాసి అతను తన కొడుకేనని గుర్తుపడతాడు. పుట్టుమచ్చ కాబట్టి అరిస్టాటిల్ ప్రకారం నాసిరకం ఎరుక అని కొట్టేయకండి. 16వ అధ్యాయంలో ఆయన గీసిన గీత ఇంకా సన్నది. రుజువు కోసం పనిగట్టుకుని మచ్చ చూపించడం తక్కువ రకం, ఒడిసియస్‌కి కాళ్ళు కడుగుతుంటే దాదికి మచ్చ కనబడినట్టు సంఘటనలోంచి దానంతట అదే బయటపడితే మేలు. థియోడోర్ చొక్కా జారడం రెండో రకం.

తేలిపోయేది ముగింపే. కోట గోడలు కూలి, అల్ఫాన్సో ఆకారం కొండంత పెరిగి, వారసుడు థియోడోర్ అని చెప్పి పైకెళ్ళిపోతుంది. ముడి కథలోంచే విడాలి, యంత్రం మీద దేవుడు పైనుంచి దిగి విప్పకూడదని పొయెటిక్స్ 15వ అధ్యాయం. అసలు యజమాని కోటలో పట్టనంత పెరిగినప్పుడు కోట చేయి మారుతుందన్న జోస్యం మొదట్లోనే ఉంది కదా అని వాల్పోల్ తరఫున వాదించవచ్చు. నాకైతే ఆ వాదన సగమే ఒప్పుదల.

రెండో సెమిస్టర్

ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ. ఈడిపస్ పిరమిడ్ తీసేస్తున్నాను. ఇంకొక్క సందేహం. భయం, జాలి ఉన్నాయి కాబట్టి గోథిక్‌లో కెథార్సిస్, అంటే ఆ భావాల ప్రక్షాళన, జరుగుతుందని రాయొచ్చా? మేరీ షెల్లీ ఫ్రాంకెన్‌స్టైన్ కూడా ఒక పేరాలో చేర్చొచ్చా?

జవాబు — నల్లతెర

కెథార్సిస్ మీద ఒక్క వాక్యంతో సరిపెట్టండి. పొయెటిక్స్‌లో నాటక నిర్వచనంలో ఆ మాట వస్తుంది, వివరణ ఎక్కడా లేదు. వాల్పోల్ కూడా భయం, జాలి మనసుని అటూ ఇటూ ఊపుతాయన్నాడే తప్ప ప్రక్షాళన మాట ఎత్తలేదు. దాని బదులు గోథిక్ రచయిత్రి ఆన్ రాడ్‌క్లిఫ్ చేసిన విభజన వాడితే వ్యాసం పదునెక్కుతుంది. ఆమె పోయాక 1826లో అచ్చయిన వ్యాసంలో టెర్రర్ మనసుని విశాలం చేస్తుందనీ, హారర్ ముడుచుకుపోయేలా, గడ్డకట్టుకుపోయేలా చేస్తుందనీ అంటుంది. 1794 నాటి ఆమె ఉడాల్ఫో నవలలో నాయిక ఎమిలీ నల్లతెర తొలగించి స్పృహ తప్పుతుంది. తెర వెనక ఉన్నది మైనపు బొమ్మని మనకి తెలిసేది నవల చివర్లో. అన్ని పుటల పాటు పాఠకుణ్ణి పట్టి నడిపించింది టెర్రర్.

ఫ్రాంకెన్‌స్టైన్ తప్పకుండా చేర్చండి. హమార్షియాకి అందులో అద్భుతమైన ఉదాహరణ ఉంది, దేవుడితో పోటీ పడ్డాడన్న అరిగిపోయిన మాట అక్కర్లేదు. తను సృష్టించిన ప్రాణికి తోడుగా చేస్తున్న రెండో ప్రాణిని విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ ముక్కలు చేసినప్పుడు, నీ పెళ్ళిరాత్రి నీ దగ్గరుంటానని ఆ ప్రాణి బెదిరిస్తుంది. తన ప్రాణానికే ముప్పని విక్టర్ అనుకుంటాడు. పిస్తోలు పెట్టుకుని కాపలా కాస్తూ, కొత్త పెళ్ళికూతురు ఎలిజబెత్‌ని ఒంటరిగా గదికి పంపేస్తాడు. ఆమెని కాపాడదామని చేసిన పనే ఆమెని చంపించింది. ఆ ప్రాణి గురి ఎలిజబెత్ మీదేనని పాఠకుడికి ముందే తడుతుంది, విక్టర్‌కి తట్టదు. నాటకీయ వ్యంగ్యం అంటే అదే.

నిర్మాణం మాత్రం నాటకానిది కాదు. వాల్టన్ అనే నౌకా యాత్రికుడు తన అక్క మార్గరెట్‌కి రాసే ఉత్తరాల్లో విక్టర్ కథ, దానిలోపల ఆ ప్రాణి కథ. రంగస్థలం మీద మనిషి నేరుగా మాట్లాడతాడు, ఇక్కడ ప్రతి మాటా ఇంకొకరి నోటి మీదుగా వస్తుంది. ఎవర్ని నమ్మాలన్న ప్రశ్న అక్కడ పుడుతుంది.

జవాబు — తెరవెనుక

ఒక జాగ్రత్త. మన విద్యార్థులు సంస్కృత నాటకంలో కథ నడిచే ఐదు దశలైన ముఖ, ప్రతిముఖ, గర్భ, విమర్శ, నిర్వహణ సంధుల్ని ఫ్రైటాగ్ ఐదు మెట్ల పక్కన పెట్టి సరిపోయాయంటారు. అంకె ఒకటే, దారి వేరు. నిర్వహణలో నాయకుడికి ఫలం అందాలి, ఫ్రైటాగ్ చివరి మెట్టులో అతను కూలిపోవాలి. పోలిక తేవాలనుంటే భాసుడి ఊరుభంగం ఉంది, దుర్యోధనుడు రంగం మీదే ప్రాణం వదులుతాడు. తెలుగులో ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారి విషాద సారంగధర ఉంది, తొలి తెలుగు విషాదాంత నాటకంగా పేరున్నది. రాజు అబద్ధం నమ్మి కొడుక్కి శిక్ష వేయడం హమార్షియాకి దగ్గరగా వస్తుంది. అయినా ఇది ఇంగ్లిష్ పేపరు, ఒక వాక్యం దాటొద్దు.

జవాబు — నల్లతెర

ఫ్రాంకెన్‌స్టైన్ అధ్యాయాల అంకెలు వేసేటప్పుడు ఏ ముద్రణో రాయండి. 1818 నాటిది మూడు సంపుటాలు, ప్రతి సంపుటంలో అంకెలు మళ్ళీ ఒకటి నుంచి మొదలవుతాయి. 1831 నాటిదానిలో వరసగా 24. ప్రాణి చెప్పుకునే కథ 1818లో రెండో సంపుటం 3 నుంచి 8 దాకా, 1831లో 11 నుంచి 16 దాకా. పెళ్ళిరాత్రి బెదిరింపు మూడో సంపుటం 3, లేదా 20. ఎలిజబెత్ హత్య మూడో సంపుటం 6, లేదా 23.