నేటి సమస్య: “కన్ను మూసినవాఁడె పో కపటి యయ్యె”

నిర్వాహకుడు: ఇంగ్లీషు క్రియ ‘కన్నైవ్’ దగ్గర ఆగితే ఈ పాదం తట్టింది. మన దగ్గర కన్ను మూస్తే పాడె కడతారు, అక్కడ కన్ను మూస్తే కుట్రలో వాటా కడతారు. లాటిన్ ‘కొన్నీవేరే’ అంటే రెప్పలు మూసుకోవడం. 17వ శతాబ్దపు ఇంగ్లీషులో చూసీ చూడనట్లుండడం అనే అర్థం. పన్నాగం పన్నడం తర్వాత అంటుకుంది. చావు, వీలునామా పూరణలు వద్దు.

పిఠాపురం పిట్ట:
దొంగ మూట దాఁటింపఁగాఁ దొలఁగి నిలిచి
కావలి భటుండు లంచంపుఁ గాసు మ్రింగి
యడ్డుపడఁడయ్యె నొకమాట యడుగఁడయ్యెఁ
గన్ను మూసినవాఁడె పో కపటి యయ్యె.
ఇంతకీ ‘కన్నైవ్’లో మన కన్నే ఉంది కదండీ?

నిర్వాహకుడు: లేదు. ముందున్న ‘కన్’ లాటిన్ ఉపసర్గ, పనిలో మన ‘సం’ లాంటిది. రెప్ప ఉన్నది వెనకభాగంలో. రెప్పలార్చడమనే ‘నిక్టారే’ దాని చుట్టమే. కోడికీ పావురానికీ కంటి మీద అడ్డంగా జారే మూడో రెప్ప పేరు దాన్నుంచే వచ్చింది.

తోటమాలి: భావం సరే, ‘కాసు మ్రింగి’లో ‘సు’ గురువైపోయింది. నాలుగో గణం కూలింది.

అరసున్న: కూలలేదు. వేరే తెలుగు మాట మొదట్లో రేఫతో జంట ఉన్నా, దాని ముందు మాట చివరి అక్షరం లఘువుగానే నిలుస్తుంది. ‘మ్రింగి’ అచ్చతెలుగు. ఇక అర్థం: ‘ఎట్’తో వచ్చే కన్నైవ్‌కి ఊరుకుంటే చాలు, ‘విత్’తో వస్తే చేతులు కలపాలి. రెండో పాదంలో ‘విత్’, మూడో పాదంలో ‘ఎట్’. పిట్టగారి భటుడు రెండు విభక్తుల్లోనూ దొరికిపోయాడు. భేష్.

వకీలు:
చెక్కు తిరిగి రాఁగాఁ దానుఁ జిక్క ననుచుఁ
దెలిసియును నోరు మెదపక తిరిగినట్టి
కంపెనీ పెద్ద చట్టానఁ గట్టుపడియెఁ
గన్ను మూసినవాఁడె పో కపటి యయ్యె.
నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 141(2)లో సమ్మతి, కన్నైవెన్స్, నిర్లక్ష్యం మూడూ విడివిడిగా ఉన్నాయి. తెలియక ఊరుకుంటే మూడోది, తెలిసి ఊరుకుంటే రెండోది. హిందూ వివాహ చట్టం (1955) 23(1)(బి)లోనూ ఇదే మాట: భాగస్వామి వ్యభిచారాన్ని తెలిసీ సాగనిచ్చినవారికి ఆ కారణం మీద విడాకులు రావు.

పిఠాపురం పిట్ట: పద్యమంతా ‘తెలిసియును’ మీదే నిలబడిందండీ. అది తీసేస్తే కేసు కొట్టేస్తారు.

తోటమాలి: వృక్షశాస్త్రాన్ని అందరూ మరిచారు. కొసలు ఒకదాని వైపు ఒకటి వంగి, అతుక్కోకుండా దగ్గరపడితే ‘కన్నైవెంట్’ అంటారు. వంగపువ్వు నడుమ పసుపు కేసరాలు అలాంటివే.
పూల రేకలు చివరలఁ గలిసి యుండు
రెప్పలను బోలి; యా పేరె యొప్పె నచట;
తుమ్మెదను లోన నడఁచిన దొంగ పువ్వు
కన్ను మూసినవాఁడె పో కపటి యయ్యె.

అరసున్న: రెండో పాదంలో ప్రాసయతి చక్కగా కుదిరింది. మొదటి పాదంలో మాత్రం ‘పూ’కి ‘గ’ ఏం యతి? శాస్త్రమూ పోయింది: అతుక్కోవని మీరే చెప్పి ‘కలిసి’ అన్నారు. ‘చివరలఁ బొసఁగి యుండు’ అనండి, రెండూ దక్కుతాయి. అది సరే, పువ్వు ‘వాఁడె’ ఎట్లయింది?

తోటమాలి: శ్లేష అండీ. పువ్వు ‘వాడె’, అంటే వాడిపోయె.

అరసున్న: పాదంలో అరసున్న ఉంది. మగవాడు ‘వాఁడు’, పువ్వు అరసున్న లేకుండానే వాడుతుంది. ఉగాది సమస్యలోనూ ఇంతే, ‘వాఁడి కత్తి’కి సున్న చెక్కేశారు. ఆ రోజే మొద్దుబారింది.

తోటమాలి: ఆ పద్యానికి ‘భేష్’ అన్నది తమరే.

అరసున్న: కన్ను మూసుకుని అన్నాను.

నిర్వాహకుడు: ‘ఎట్’తోనా, ‘విత్’తోనా?