కౌంటర్ దగ్గర కిలోకి ఐదారొందలా? విమాన లగేజీ ఛార్జీల్లో న్యాయం ఎంత?

పెట్టెబేడా (ప్రశ్న):

హైదరాబాద్–ఢిల్లీ టికెట్లు చూస్తున్నాను. ఒకే విమానానికి రెండు ధరలు కనిపిస్తున్నాయి. చెకిన్ బ్యాగు లేని టికెట్ ఒకటి, 15 కిలోలు కలిపింది ఇంకోటి. తేడా వెయ్యి లోపే. బరువు 15 దాటి కౌంటర్ దగ్గర తేలితే మాత్రం కిలోకి ఐదారు వందలు గుంజుతున్నారు. రైల్లో స్లీపర్ క్లాసు ప్రయాణికుడికే 40 కిలోలు ఉచితం కదా. విమానంలో బరువుకి ఖర్చవుతుందని ఒప్పుకుంటాను, కానీ నిజంగా అంతవుతుందా? ఈ రేట్లకి ప్రభుత్వం పెట్టిన హద్దు ఏమైనా ఉందా? కౌంటర్లో అన్యాయం జరిగిందనిపిస్తే ఎవరికి చెప్పుకోవాలి? లోపలి లెక్కలు తెలిసినవాళ్లు చెప్పండి.

ర్యాంప్_సైడ్:

ముందు ఇంధనం సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే ఎక్కువమంది అక్కడే పొరపడతారు. విమానంలో ఒక కిలో ఎక్కువ వేస్తే గంట ప్రయాణానికి ఆ బరువులో సుమారు 3–4 శాతం ఇంధనం అదనంగా కాలుతుంది. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి రెండు గంటలు. అంటే కిలోకి దాదాపు 80 గ్రాములు, కొలత ప్రకారం ఓ 100 మిల్లీలీటర్లు. విమాన ఇంధనం కిలోలీటరు లక్ష రూపాయలు అనుకుంటే అది పది రూపాయలు. 15 కిలోల బ్యాగుకి నూటయాభై. కాబట్టి కిలోకి ఐదొందలు తీసుకుని "ఇంధనం ఖర్చు" అనేవాళ్ల మాట నిలబడదు.

అసలు ఖర్చు నేల మీద ఉంది. ప్రతి బ్యాగుకీ ట్యాగు వేయాలి, ఎక్స్‌రే చేయాలి, బెల్టు మీద నుంచి ట్రాలీలోకి, ట్రాలీ నుంచి విమానం పొట్టలోకి మనుషులు ఎత్తాలి, దిగాక మళ్లీ అదే పని. బ్యాగు వేసిన ప్రయాణికుడు గేటు దగ్గరికి రాకపోతే ఆ బ్యాగుని వెతికి దించేదాకా విమానం కదలకూడదు. చౌక ఎయిర్‌లైన్లు విమానాన్ని అరగంటలో తిప్పి పంపించి బతుకుతాయి. ఒక్క బ్యాగు దించడానికి పావుగంట పోతే ఆ రోజు ఆ విమానం చేసే మిగతా ట్రిప్పులన్నీ వెనక్కి జరుగుతాయి. పైగా బ్యాగులు తగ్గితే పొట్టలో సరుకు వేసుకుని సంపాదించవచ్చు.

ఇదంతా చూస్తే ఖర్చు బ్యాగుల సంఖ్యని బట్టి ఉంటుంది, కిలోల్ని బట్టి చాలా తక్కువ. 14 కిలోల బ్యాగుకీ 18 కిలోల బ్యాగుకీ ఎత్తేవాడి పని ఒకటే. అందుకే బ్యాగుకి విడిగా ధర పెట్టడం నా దృష్టిలో న్యాయమే. వీపు సంచితో ఒక్కరోజు పని మీద వెళ్లొచ్చే మనిషి, తను వాడని 15 కిలోలకి టికెట్లో డబ్బు ఎందుకు కట్టాలి? అన్యాయం ఎక్కడంటే కౌంటర్ రేటులో. ఆ చివరి మూడు కిలోలకి వేసేది ఖర్చు కాదు, జరిమానా. కౌంటర్లో తూకం, వాదన, కార్డు గీకడం కలిసి క్యూ ఆగిపోతుంది కాబట్టి, జనం ముందే చెప్పాలని అలా పెడతారు. ఆ ఉద్దేశం సరే. దానికోసం వెబ్‌సైట్ రేటు మీద కొంత పెంచితే అర్థముంది. ఇంధనం ఖర్చుకి యాభై రెట్లు తీసుకోవడం మాత్రం ఆ ఉద్దేశాన్ని దాటిపోయింది.

రూలుబుక్కు:

హద్దు ఒకప్పుడు ఉండేది. 2016లో పౌర విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ, 15 నుంచి 20 కిలోల మధ్య బరువుకి కిలోకి 100 రూపాయలకి మించకూడదంది. ఎయిర్‌లైన్లు కోర్టుకి వెళ్లాయి. 2017లో ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వుని కొట్టేసింది. అప్పటి నుంచి రేటు ఎయిర్‌లైన్ ఇష్టం.

2021 ఫిబ్రవరిలో చెకిన్ బ్యాగు లేని చౌక టికెట్లకి డీజీసీఏ అనుమతిచ్చింది, కొన్ని షరతులతో. అలాంటి టికెట్ కొన్నవాడు బ్యాగుతో వస్తే ఎంత కట్టాలో బుక్ చేసేటప్పుడే స్పష్టంగా చూపాలి, టికెట్ మీద అచ్చు వేయాలి, ఆ మొత్తం సమంజసంగా ఉండాలి. మీ చేతిలో ఉన్న అసలు ఆయుధం ఇదే. "సమంజసం" అంటే ఎంతో ఎక్కడా అంకె లేదు, ఆ దారిలో గెలవడం కష్టం. కానీ బుకింగ్‌లో చూపలేదు, టికెట్ మీద లేదు అన్నది కాగితంతో రుజువయ్యే విషయం. అందుకే డబ్బు కట్టే ముందు పేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

2024లో మరో ఉత్తర్వు: సీటు ఎంపిక, భోజనం, చెకిన్ బ్యాగు వంటి అదనపు సేవల్ని ప్రయాణికుడే ఎంచుకోవాలి, ముందే టిక్కు పెట్టి ఉంచకూడదు. ట్రావెల్ సైట్లలో కొనేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. అవి జాబితాలో పైన రావడం కోసం బ్యాగు లేని ధరనే చూపిస్తాయి. టికెట్ వచ్చాక చెకిన్ బ్యాగేజీ అన్న చోట ఎన్ని కిలోలు ఉందో వెంటనే చూడండి.

తూనికరాయి:

కౌంటర్ దగ్గర గొడవ రాకుండా ఇంట్లోనే చేయాల్సినవి చెప్తాను.

ఖాళీ పెట్టె బరువు ముందు చూడండి. గట్టి ప్లాస్టిక్ పెద్ద ట్రాలీ నాలుగు కిలోల దాకా ఉంటుంది. 15లో పావు వంతు పెట్టెకే పోయింది. బట్ట సంచీ అయితే కిలో, కిలోన్నర. చేత్తో పట్టుకునే వేలాడే డిజిటల్ కాటా వాడేవాళ్లు సీలు తీయని 5 కిలోల గోధుమపిండి సంచీ తగిలించి అది సరిగ్గా చూపుతుందో లేదో పరీక్షించండి. పాత స్ప్రింగు కాటాలు అరకిలో అటూ ఇటూ తప్పుతాయి. 15 ఉన్నా 14.5 దగ్గర ఆపేయండి.

15 కిలోలు అంటే చాలా దేశీయ టికెట్లలో ఒకే బ్యాగు. ఏడేసి కిలోల సంచులు రెండు తెస్తే బరువు తక్కువే ఉన్నా రెండోదానికి విడిగా కట్టమంటారు. ఇది తెలియక ఇరుక్కునేవాళ్లే ఎక్కువ. కుటుంబం అంతా ఒకే పీఎన్ఆర్‌లో ఉంటే సాధారణంగా అందరి బరువూ కలిపి చూస్తారు, కానీ అందరూ ఒకేసారి కౌంటర్ దగ్గర నిలబడాలి. విడివిడి పీఎన్ఆర్‌లైతే కలపరు. ఒక్క బ్యాగు 32 కిలోలు దాటకూడదు, ఎంత డబ్బు కట్టినా తీసుకోరు. ఎత్తేవాళ్ల నడుములు కాపాడే నియమం అది, దానితో పేచీ వద్దు.

కౌంటర్లో బ్యాగు పెట్టే ముందు కాటా సున్నా చూపుతోందా చూడండి. ముందువాళ్ల బ్యాగు గానీ, మీ ట్రాలీ హ్యాండిల్ గానీ పక్కకి తగలకూడదు. అనుమానం వస్తే పక్క కౌంటర్లో మళ్లీ తూచమని అడగండి, సాధారణంగా కాదనరు. ఆ కాటాలకీ తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉండాలి. కిరాణా కొట్టు కాటాకున్న చట్టమే వాటికీ.

కంగారులో సామాను ఇటు నుంచి అటు మార్చేటప్పుడు రెండు తప్పులు జరుగుతాయి. పవర్ బ్యాంకు చెకిన్ బ్యాగులోకి వెళ్తే బ్యాగు ఎక్స్‌రే దగ్గర ఆగిపోతుంది, అది క్యాబిన్‌లోనే ఉండాలి. ఊరగాయ జాడీ క్యాబిన్ సంచిలోకి వస్తే సెక్యూరిటీ దగ్గర తీసేస్తారు. ఎండు కొబ్బరి చెకిన్‌లో వేయకండి, నూనె ఎక్కువ కాబట్టి అంటుకునే సరుకుగా చూస్తారు.

డబ్బు కట్టాల్సి వస్తే ఎన్ని కిలోలకి, ఏ రేటుకి అన్నది రాసిన రసీదు తీసుకోండి. ముందు ఎయిర్‌లైన్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు, జవాబు రాకపోతే విమానయాన శాఖ ఫిర్యాదుల పోర్టల్ ఎయిర్‌సేవ, ఆ తర్వాత 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్, చివరికి జిల్లా వినియోగదారుల కమిషన్. రసీదు, టికెట్, స్క్రీన్‌షాట్ లేకుండా వీటిలో ఏదీ ముందుకు కదలదు.

కనెక్షన్_టికెట్:

పై లెక్కలన్నీ ఒకే ప్రయాణానికి సరిపోతాయి. జేబు నిజంగా ఖాళీ అయ్యేది రెండు వేర్వేరు టికెట్లు కొన్నప్పుడు. అమెరికా వెళ్లే విద్యార్థినే తీసుకోండి. అంతర్జాతీయ టికెట్లో 23 కిలోల బ్యాగులు రెండు, మొత్తం 46. ముంబయి దాకా దేశీయ టికెట్ విడిగా కొంటే అక్కడ 15 మాత్రమే. మిగిలిన 31 కిలోలకి కిలోకి 500 వేసుకున్నా 15,500 రూపాయలు, రెండో బ్యాగు రుసుము ఉంటే అది అదనం. విజయవాడ నుంచి హైదరాబాద్ వచ్చి గల్ఫ్ విమానం ఎక్కేవాళ్లదీ ఇదే సమస్య, వాళ్లకి అక్కడ 30 ఉన్నా ఇక్కడ 15.

మొత్తం ప్రయాణం ఒకే పీఎన్ఆర్‌లో ఉంటే సాధారణంగా పెద్ద అలవెన్సే (టికెట్లో కలిసి వచ్చే బరువు) మొదటి నుంచి చివరిదాకా వర్తిస్తుంది, బ్యాగు కూడా నేరుగా వెళ్తుంది. కాస్త ఖరీదైనా అదే లాభం. అది కుదరకపోతే, అంతర్జాతీయ టికెట్ చూపినవాళ్లకి కొన్ని ఎయిర్‌లైన్లు తగ్గింపు ప్యాకు ఇస్తాయి. ముందే కొనాలి, ఎయిర్‌పోర్టులో అడిగితే దొరక్కపోవచ్చు. లేదంటే ఆ మొదటి దూరం రైల్లోనో బస్సులోనో రండి.

జగిత్యాల, సిరిసిల్ల, రాయచోటి వైపు నుంచి గల్ఫ్ వెళ్లేవాళ్లు చాలామంది ఏజెంటు దగ్గర టికెట్ కొంటారు. "30 కిలోలు ఉంది" అన్న నోటిమాట నమ్మవద్దు. అలవెన్సు టికెట్ రకాన్ని బట్టి, అమ్మిన రోజుని బట్టి మారుతుంది, పోయినసారి ఉన్నది ఈసారి ఉండాలని లేదు. రెండేళ్లకోసారి ఇంటికొచ్చే కూలీ మనిషి దగ్గర కౌంటర్లో రోజుల తరబడి కష్టార్జితం లాగేయడం నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే బాధ కలిగించే విషయం. ఇంగ్లిష్ ఈ-మెయిల్లో సన్నక్షరాలతో చెప్పేసి, సమాచారం ఇచ్చామనడం సరిపోదు.

రూలుబుక్కు:

యూరప్‌లో ఈ వాదన ఇంకాస్త ముందుకెళ్లింది, మన దగ్గరికీ రావచ్చు కాబట్టి చెప్తున్నా. 2014లో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం, స్పెయిన్ చౌక ఎయిర్‌లైన్ వ్యూలింగ్ కేసులో ఒక గీత గీసింది: చెకిన్ బ్యాగుకి విడిగా డబ్బు తీసుకోవచ్చు, కానీ సహేతుకమైన బరువు, కొలతలున్న చేతి సామాను ప్రయాణంలో తప్పనిసరి భాగం, దానికి ఛార్జీ కూడదు. ఆ కొలతలు ఎంతన్నది చెప్పకపోవడంతో గొడవ ఆగలేదు. 2024 నవంబరులో స్పెయిన్ ప్రభుత్వం రయన్‌ఎయిర్, ఈజీజెట్, వ్యూలింగ్ సహా అయిదు ఎయిర్‌లైన్లకి కలిపి 17.9 కోట్ల యూరోల జరిమానా వేసింది, చేతి సామానుకి డబ్బు తీసుకోవడం అందులో ముఖ్యమైన ఆరోపణ. మన దగ్గర ఏడు కిలోల క్యాబిన్ బ్యాగు ఇంకా టికెట్లోనే వస్తోంది. అది పోకుండా చూసుకోవాలి.

పెట్టెబేడా:

అందరికీ ధన్యవాదాలండీ. ఒక్కటి మిగిలింది. నలుగురం ఒకే పీఎన్ఆర్‌లో వెళ్తున్నాం, సామాను మాత్రం రెండు పెట్టెలే. ఇద్దరికి బ్యాగు ఉన్న టికెట్, ఇద్దరికి లేనిది కొనొచ్చా?

తూనికరాయి:

ఒకే బుకింగ్‌లో సాధారణంగా అందరికీ ఒకే రకం టికెట్ వస్తుంది. అందుకని రెండు లెక్కలు వేసి చూడండి. నలుగురికీ బ్యాగు ఉన్న టికెట్ కొంటే మనిషికి తేడా 700 అనుకుందాం, మొత్తం 2,800. నలుగురికీ బ్యాగు లేనిది కొని, ఇద్దరి పేరు మీద మాత్రం 15 కిలోలు ముందే కొంటే, ఒక్కోటి 1,000 అనుకున్నా 2,000. రెండోదే చౌక. టికెట్‌తో పాటే కొనేయండి, ఆలస్యమైతే రేటు పెరగొచ్చు. కొన్నాక ఆ కిలోలు ఎవరి పేరు మీద ఉన్నాయో టికెట్లో చూసి, వాళ్లిద్దరూ కౌంటర్ దగ్గర ఉండేలా చూసుకోండి.