ఖాళీ సీసాకి డిపాజిట్: చేతి చమురు వదిలేది ఎవరికి?

లెక్కలమనిషి:
పానీయం కొన్నప్పుడు సీసాకని కొంత డిపాజిట్ కట్టించుకుంటారు. ఖాళీ సీసా తెచ్చిస్తే ఆ డబ్బు వెనక్కొస్తుంది కాబట్టి అది అసలు ఖర్చే కాదంటారు. నేను ఒప్పుకోను. ఐర్లండ్‌లో 2024 ఫిబ్రవరి 1 నుంచి అరలీటరు దాకా ప్లాస్టిక్ సీసాకైనా డబ్బాకైనా 15 సెంట్లు, అంతకు మించి మూడు లీటర్ల దాకా 25 సెంట్లు. చిన్న సీసాలు 24 కొంటే 3.60 యూరోలు ముందే కట్టాలి. ఆ ఖాళీలన్నీ ఇంట్లో పోగేసి, మోసుకెళ్లి, వాటిని తీసుకునే యంత్రం ముందు లైన్లో నిలబడే శ్రమ ఏ లెక్కలో రాస్తారు? కారు లేనివాళ్లు, మోకాళ్ల నొప్పులవాళ్లు ఆ డబ్బు మీద ఆశ వదులుకోవలసిందే. ఇది పన్ను కాకపోతే ఏమిటి?

పచ్చసీసా:
పన్ను వెనక్కి రాదండీ, ఇది వస్తుంది. జర్మనీలో 2003లో వాడి పారేసే సీసాలకి డిపాజిట్ పెట్టారు, ఇప్పుడు 25 సెంట్లు. నూటికి 98 దాకా తిరిగొస్తున్నాయి. అక్కడ మోసుకెళ్లే ఓపిక లేనివాళ్లు చాలామంది సీసాని చెత్తబుట్టలో వెయ్యరు, పక్కన నిలబెట్టి పోతారు, ఏరుకునేవాళ్ల కోసం.
మీరు తక్కువ డిపాజిట్ అడుగుతారేమో. అమెరికాలోని ఓరెగాన్‌లో 1971 చట్టంతో 5 సెంట్లు పెట్టి దశాబ్దాలపాటు కదపలేదు. ధరలన్నీ పెరిగాక 5 సెంట్ల కోసం నడుం వంచేదెవరు? తిరిగొచ్చేవి బాగా పడిపోయాక 2017లో 10 చేశారు.

లెక్కలమనిషి:
సరే. జర్మనీలో నూటికి తిరిగిరాని ఆ రెండు సీసాల డబ్బు ఎవరి జేబులోకి?

సొట్టడబ్బా:
ఇదిగో, అడగాల్సింది ఇదే. 15 సెంట్లా 25 సెంట్లా అన్నది తర్వాత సంగతి. జర్మనీలో ఆ డబ్బు పానీయాన్ని మార్కెట్లోకి తెచ్చిన కంపెనీల దగ్గరే ఉండిపోతుంది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ముప్పావు వంతు ప్రభుత్వానికి, పావు వంతు దుకాణాలకి. ఎవరూ అడగని డబ్బుతోనే వ్యవస్థ నడవాలంటే, జనం బుద్ధిగా తెచ్చివ్వడమే దానికి నష్టం! ఆ లోటు పానీయం ధరలో కలిసి మనకే వస్తుంది, బిల్లులో కనపడదు. నాకు నార్వే పద్ధతి నచ్చుతుంది. ఎన్ని ఎక్కువ తిరిగొస్తే కంపెనీకి పర్యావరణ పన్ను అంత తగ్గుతుంది, 95 శాతం చేరితే సున్నా. మన సీసా కోసం కంపెనీయే ఎదురు చూస్తుంది.
శ్రమ విషయంలో మాత్రం లెక్కలమనిషి గారి పక్షమే. మొదటిసారి చోటు కలిసొస్తుందని ప్లాస్టిక్ సీసాలన్నీ నొక్కేసి పట్టుకెళ్లా. యంత్రం బార్‌కోడ్ చదవలేక ఒక్కొక్కదాన్నీ వెనక్కి నెట్టింది. వెనకున్న పెద్దాయన 'నోట్లో పెట్టుకుని ఊదు బాబూ' అన్నాడు. నిలబడి పదకొండు సీసాలూ ఊదా.

లెక్కలమనిషి:
డబ్బు వచ్చిందా మరి?

సొట్టడబ్బా:
ఎనిమిదింటికి వచ్చింది. లేబుల్ చిరిగిన మూడూ తీసుకోలేదు.