మూసీ మీద బొమ్మలు, ముచ్చట్లు: 60 మందితో ఒక ఆదివారం ఎలా నడపాలి?

ప్రశ్న – అఫ్జల్‌గంజ్‌వాసి

హైదరాబాద్‌లో మూసీకి 1908లో పెద్ద వరద వచ్చిన సెప్టెంబర్ 28కి దగ్గర్లో పడే ఆదివారం, అఫ్జల్‌గంజ్–నయాపూల్ వైపు మూసీ మీద ఒక పూట కార్యక్రమం అనుకుంటున్నాం. కాస్త నడక, బొమ్మలు, తర్వాత కూర్చుని మాట్లాడుకోవడం. 60 మంది దాకా వస్తారు, సగం పిల్లలే. చేతిలో ఉన్నది 15 వేలు. ఇది సెమినార్‌లా తయారవకూడదు, ఒడ్డున ఉండేవాళ్లు వచ్చి నోరు విప్పాలి. ఏం ముందు, ఏం వెనక? ఎక్కడ బెడిసికొడుతుంది?

గాడాగుడ్డ

ముందు నడక సంగతి. 60 మందినీ ఒకే గుంపుగా తీసుకెళ్తే వెనకున్న 40 మందికి ఒక్క ముక్క వినపడదు. నయాపూల్ మీద బస్సుల హారన్ల ముందు మెగాఫోన్ కూడా చాలదు. 15 మంది చొప్పున నాలుగు జట్లు చేసి 20 నిమిషాల తేడాతో పంపండి. మూడు చోట్ల ఆగితే చాలు: స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ముందు, ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు, నయాపూల్. పురానాపూల్ దాకా నడిపిస్తే పిల్లలు సొమ్మసిల్లుతారు. 1578 నాటి ఆ వంతెన 1908 వరదకు ఎలా తట్టుకుందో ఫొటో చూపించి చెప్పండి.

చింతచెట్టు దగ్గర ఉపన్యాసం వద్దు. ఆ రోజు సుమారు 150 మంది దాన్నెక్కి బతికారన్న ఒక్క మాట చెప్పి, చేతికి కాగితం ఇవ్వండి. బెరడు మీద పల్చటి కాగితం పరిచి, మైనపు క్రేయాన్‌ను పడుకోబెట్టి రుద్దిస్తే గీతలన్నీ కాగితం మీదికి దిగుతాయి. చార్ట్ పేపర్ మందం, గీతలు పడవు. టిష్యూ చిరుగుతుంది. న్యూస్‌ప్రింట్ సరిపోతుంది. ఒకరు కాగితం అంచులు రెండు చేతులా అదిమి పట్టుకోవాలి, కదిలితే బొమ్మ అలుక్కుపోతుంది. అది ముసలి చెట్టు, ఎక్కనివ్వొద్దు. ఆస్పత్రివాళ్లకు ముందుగా లేఖ ఇవ్వండి, మైకు మాత్రం అస్సలు వద్దు.

ఒక జట్టు నడుస్తుంటే మిగతావాళ్లు గుడ్డ మీద నది గీస్తారు. కోరా గుడ్డ 4 మీటర్లు కొనండి, ఉతికితే కుదించుకుపోయి 12 అడుగుల పైచిలుకు మిగులుతుంది. ఉతక్కుండా గీస్తే తర్వాత బొమ్మంతా ముడుచుకుంటుంది. పల్చటి గంజి పెట్టి, కొంచెం తడిగా ఉండగానే ఇస్త్రీ చేయండి. గంజి లేకపోతే రంగు పోగు వెంట పాకి గీత ఉబ్బిపోతుంది.

మూసీ పొడవు దాదాపు 240 కిలోమీటర్లు కాబట్టి అడుగుకు 20 వేసుకోండి. ఒక కొసన వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలు, మరో కొసన వాడపల్లి దగ్గర కృష్ణ. లంగర్‌హౌజ్ దగ్గర ఈసీ వచ్చి కలుస్తుంది, దాన్ని చాలామంది మర్చిపోతారు. ఉస్మాన్‌సాగర్ మూసీ మీద, హిమాయత్‌సాగర్ ఈసీ మీద. నదిని రంగుతో కాకుండా ఊలు దారంతో టాకాలు వేయించండి, తప్పు పడితే విప్పుకోవచ్చు. ఔటర్ రింగ్ రోడ్డు ఈ కొస నుంచి ఆ కొస దాకా నగరంలో పారేది 55 కిలోమీటర్లు, అంటే గుడ్డ మీద మూడడుగులు కూడా కాదు. ఇది ముందే సుద్దతో గుర్తు పెట్టకపోతే పిల్లలు గుడ్డంతా చార్మినార్లతో నింపేస్తారు, నల్గొండకు జాగా మిగలదు.

ఒడ్డుమాట

బొమ్మల కన్నా మాటలే కష్టం. 2024 సర్వేలో ఒడ్డు ఇళ్ల గోడల మీద ఎర్రరంగుతో ఆర్‌బీ–ఎక్స్ అని (నదీగర్భంలో ఉన్న ఇల్లు, తీసేయాలి అన్న గుర్తు) రాశారు గుర్తుందా? అప్పటి నుంచి చేతిలో అట్ట, పెన్ను ఉన్నవాళ్లు కనబడితే తలుపులు మూసుకుంటాయి. పిలవడానికి వెళ్లేవాళ్లు ఖాళీ చేతులతో వెళ్లాలి, ఇళ్ల ఫొటోలు తీయకూడదు, ఆధార్ ఊసెత్తకూడదు. వారం ముందు ఒకసారి, ముందురోజు ఒకసారి వెళ్లండి. కరపత్రం వేస్తే తెలుగు, ఉర్దూ రెండూ ఉండాలి.

పొద్దున పెడితే గడ్డి కోసేవాళ్లు, ధోబీలు రాలేరు, అది వాళ్ల పని వేళ. మధ్యాహ్నం 3కి మొదలుపెట్టి 5.45కల్లా లేవండి. ఆ తర్వాత దోమలు కూర్చోనివ్వవు.

ఎనిమిది, పది మందికో గుండ్రం, 40 నిమిషాలు. చాప మీద కూర్చోండి. కొందరికి కుర్చీలు, కొందరికి చాపలు వేశారంటే అక్కడే సభ అయిపోతుంది. ప్రతి గుండ్రంలో దక్కనీ, తెలుగు రెండూ మాట్లాడేవారు ఒకరు తప్పనిసరి. "మూసీని ఎలా కాపాడాలి?" అని అడగొద్దు, పేపర్లో చదివిందే అప్పజెప్తారు. "ఆఖరిసారి నీళ్లలో దిగిందెప్పుడు?", "వాసన ఏ నెలలో ఎక్కువ?", "నీళ్లొస్తే ఇంట్లోంచి ముందు ఏం తీస్తారు?" అనడగండి. మూడో ప్రశ్నకు ఎవరూ ఊరుకోరు.

నిపుణులను పిలిస్తే వాళ్లనూ చాప మీదే, మధ్యలో కూర్చోబెట్టండి, ఆఖర్లో మాట్లాడించండి. రికార్డు చేసేముందు ఒప్పుకోలు అడగాలి. ఫోన్‌ను గుండ్రం మధ్యలో పెడితే బస్సుల మోతే పడుతుంది. కాలర్ మైకు గడ్డానికి జానెడు కింద ఉండాలి.

సీసానీళ్లు

ఒడ్డుమాట గారు చెప్పినవన్నీ నిజమే కానీ నిపుణులను ఆఖర్లో అన్నది నాకు ఒప్పు కాదు. ముందే ఐదు నిమిషాలు ఒక్కరు చెప్పకపోతే ఆ వాసన ఎక్కడిదన్న దగ్గరే గుండ్రమంతా కొట్టుకుంటుంది. శుద్ధి కాని మురుగులో ఆక్సిజన్ అయిపోయాక అడుగు బురదలోంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ అది, కుళ్లిన గుడ్డు వాసన. ఉబ్బసం ఉన్న పిల్లలను వంతెన మీద పది నిమిషాలకు మించి నిలబెట్టకండి. గుడ్డ మాస్కు దాన్ని ఆపదు.

నది నీళ్లతో రంగులు కలిపించే సరదా కొందరికి ఉంటుంది, ససేమిరా వద్దు. నీళ్లు చూపించాలంటే ఒక పెద్దమనిషి గ్లోవ్స్ వేసుకుని, వంతెన మీది నుంచి తాడు, బకెట్‌తో తోడి, సీసాలో మూడొంతులు నింపి మూత బిగించాలి. అంచుదాకా నింపి ఎండలో పెడితే లోపల గ్యాస్ పుట్టి మూత లేస్తుంది. అదే రోజు పారబోయండి.

ఇంకోటి, ఆ నెలలో జంట జలాశయాల (ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్) గేట్లు ఎత్తుతారు. 2025లో సెప్టెంబర్ చివర్లోనే ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకి నీళ్లొచ్చాయి. గేట్ల కబురు వస్తే ఒడ్డుకు దిగే ఆలోచన మానేయండి.

అఫ్జల్‌గంజ్‌వాసి

చాలా ఉపయోగమండీ. గుడ్డ పని ఆరుబయట పెడదామనుకున్నాం. వాన పడితే?

గాడాగుడ్డ

గంజి తడిస్తే జిగటగా మారి ఊలుకు అంటుకుంటుంది. పైన టార్పాలిన్ ఉన్నా చాలదు, కింద నేల చెమ్మ కూడా లాగుతుంది. కింద ఒక ప్లాస్టిక్ పట్టా, దాని మీద పాత దుప్పటి, ఆపైన గుడ్డ. వాన మొదలైతే మడవకుండా పీవీసీ పైపుకు చుట్టేయండి. మడిస్తే టాకాలు పీకుతాయి.

ఒడ్డుమాట

15 వేలలో గుడ్డకు పోయేది తక్కువే, టీ, సమోసాలకు ఎక్కువ తీసిపెట్టండి. ఒడ్డు నుంచి వచ్చేవాళ్లలో చాలామంది ఆ పూట పని మానుకుని వస్తారు. ఆటో ఖర్చు కూడా మీదే అని పిలిచినప్పుడే చెప్పండి.