లెస్టర్‌కి కొత్తగా వచ్చినవాళ్ళు: ఉగాండా వాళ్ళతో మనకు పోలిక కుదురుతుందా?

ప్రశ్న: కొత్త సభ్యుడు, లెస్టర్

అందరికీ నమస్తే. మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు. ఇక్కడ ఇంగ్లండ్‌లో, లెస్టర్‌లో డేటా అనలిటిక్స్ మాస్టర్స్ అయిపోయింది. ఇప్పుడు గ్రాడ్యుయేట్ వీసా (చదువయ్యాక కొంతకాలం పని చేసుకోనిచ్చేది) మీద ఉన్నాను, వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్టులు చేస్తూ ఉద్యోగం వెతుక్కుంటున్నాను. ఇంటి దగ్గర ఎడ్యుకేషన్ లోన్ ఉంది.

మా ఇంటి ఓనరు గుజరాతీ పెద్దాయన. 1972లో ఉగాండా నుంచి వచ్చారట. అద్దె ఇచ్చిన ప్రతిసారీ ఒకటే మాట: "మేం వట్టి చేతులతో వచ్చాం, కష్టపడి ఇళ్ళు కొన్నాం. మీ కుర్రాళ్ళకి ఓపిక లేదు." నిజమేనేమో అనిపిస్తోంది. ఇంకోవైపు మా బావకి తెలిసినవాళ్ళు ఉగాండా రాజధాని కంపాలాలో ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం ఉంది, ఇల్లు, కారు కంపెనీయే ఇస్తుంది, వచ్చెయ్యమంటున్నారు. ఇక్కడేమో ఒక కన్సల్టెన్సీ పన్నెండు లక్షలు కడితే స్పాన్సర్‌షిప్ (పని వీసాకి కంపెనీ ఇవ్వాల్సిన కాగితం) ఇప్పిస్తానంటోంది. మనవాళ్ళు ఎక్కడ బాగుపడ్డారు, అక్కడా, ఇక్కడా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. పెద్దవాళ్ళు చెప్పండి.

జవాబు: లెస్టర్ నుంచి, అకౌంటెంట్

తమ్ముడూ, ముందు ఆ కన్సల్టెన్సీ ఫోన్ ఎత్తడం మానెయ్. స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ ఖర్చు కంపెనీ భరించాలి, దాన్ని ఉద్యోగి మీద వెయ్యకూడదని రూల్. డబ్బుకి అమ్ముడుపోయే స్పాన్సర్‌షిప్పులో చాలావరకు ఉద్యోగమే ఉండదు. కొన్నాళ్ళకి ఆ కంపెనీ లైసెన్స్ పోతే నీ వీసా కూడా పోతుంది.

ఇక మీ ఓనరు గారి మాట. నా క్లయింట్లలో సగం మంది ఆ తరం వాళ్ళూ, వాళ్ళ పిల్లలూనే. ఆయన అబద్ధం చెప్పడం లేదు. కానీ వాళ్ళు వచ్చింది వట్టి చేతులతో కాదు, బ్రిటిష్ పాస్‌పోర్టుతో వచ్చారు. ఆ ఒక్కటీ పక్కన పెట్టి పోల్చుకుంటే నిన్ను నువ్వు ఊరికే తిట్టుకుంటావు.

జరిగింది ఇదీ. 1962 అక్టోబరులో ఉగాండాకి స్వాతంత్ర్యం వచ్చినప్పుడు అక్కడి ఆసియా వాళ్ళకి పౌరసత్వం ఎంచుకోవడానికి రెండేళ్ళు గడువిచ్చారు. కొందరు ఉగాండా పౌరసత్వం తీసుకున్నారు. చాలామంది బ్రిటిష్ పాస్‌పోర్టే ఉంచుకున్నారు. 1972 ఆగస్టు మొదటి వారంలో అప్పటి ఉగాండా నియంత ఇదీ అమీన్ ఆసియా వాళ్ళంతా వెళ్ళిపోవాలన్నాడు. గడువు 90 రోజులు, నవంబరు 8 ఆఖరు. ఇంటికి సుమారు 50 పౌండ్లు మాత్రమే పట్టుకెళ్ళనిచ్చారు. దుకాణాలు, జిన్నింగ్ మిల్లులు, ఇళ్ళు అన్నీ అక్కడే వదిలేశారు. దాదాపు 28,000 మంది బ్రిటన్ వచ్చారు. ఉగాండా పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకుని, కాగితాల్లో తప్పులున్నాయని తిరస్కరించినవాళ్ళు ఏ దేశానికీ చెందకుండా పోయి కొన్నాళ్ళు ఐరోపాలో శరణార్థి శిబిరాల్లో గడిపారు. ఒకే వీధిలో ఉన్న రెండు కుటుంబాలు, ఒకే వ్యాపారం, అయినా కాగితాన్ని బట్టి రెండు దారులు పట్టాయి.

పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి కూడా ఎర్ర తివాచీ పరిచారనుకోకు. 1968లో కెన్యా ఆసియా వాళ్ళు రావడం మొదలుపెట్టగానే బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్నా లోపలికి రాకుండా అడ్డుకునే చట్టం ఒకటి ఇక్కడ హడావుడిగా చేశారు. 1972లో ప్రధాని హీత్ ఒత్తిడికి లొంగకుండా బాధ్యత మాదేనన్నాడు కాబట్టి వీళ్ళు రాగలిగారు. మొదట సఫోక్‌లో స్ట్రాడిషల్ లాంటి పాత మిలిటరీ స్థావరాల్లో పెట్టారు. ఏ ఊళ్ళకి వెళ్ళొచ్చో, ఏ ఊళ్ళకి వెళ్ళకూడదో ప్రభుత్వం పెట్టిన బోర్డు ఒకటి లిస్టు రాసిచ్చింది. వెళ్ళకూడని లిస్టులో మన లెస్టరు ఉంది! ఇక్కడి కౌన్సిల్ అయితే ఉగాండాలో పేపరు ప్రకటన వేసి మరీ, దయచేసి మా ఊరికి రావద్దంది. ఇప్పుడు అదే కౌన్సిల్ ఇక్కడి బెల్‌గ్రేవ్ రోడ్డులో జరిగే దీపావళిని ఊరికి గొప్పగా చెప్పుకుంటుంది, అది వేరే సంగతి.

వచ్చాక మొదటి పదేళ్ళు ఎలా గడిచాయో ఆయన్ని అడుగు. కంపాలాలో నలుగురిని పనిలో పెట్టుకున్న మనిషి ఇక్కడ సాక్సుల ఫ్యాక్టరీలో మిషను మీద కూర్చున్నాడు. అక్కడ కొట్టు గడప దాటి ఎరగని ఆడవాళ్ళు ఇక్కడ బూట్ల ఫ్యాక్టరీల్లో, టైప్‌రైటర్ల ఫ్యాక్టరీల్లో చేరారు. 1974లో ఇదే ఊళ్ళో ఇంపీరియల్ టైప్‌రైటర్స్‌లో, బోనస్సుల దగ్గర తెల్లవాళ్ళకి ఒక పద్ధతి, మాకు ఒక పద్ధతి ఏమిటని సమ్మెకి దిగారు. యూనియన్ కూడా వాళ్ళ వెనక నిలబడలేదు. మరుసటి ఏడాది ఫ్యాక్టరీయే మూసేశారు. లండన్‌లో గ్రన్‌విక్ అనే ఫోటోలు కడిగే కంపెనీలో సమ్మె, 1976 నుంచి 1978 దాకా, నడిపించిన జయాబెన్ దేశాయ్ కూడా తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చినావిడే, టాంజానియా నుంచి. కష్టపడ్డారు కాబట్టి పైకొచ్చారు అని ఒక్క ముక్కలో చెప్పేస్తే ఈ తగాదాలన్నీ కనిపించవు.

మరి పైకి ఎలా వచ్చారంటే, ఇంగ్లీషు వచ్చు, చాలామంది అక్కడే ఇంగ్లీషు బడుల్లో చదివారు. లెక్కలు రాయడం, అరువు తెచ్చి సరుకు తిప్పడం తెలుసు. ఇంట్లో ముగ్గురో నలుగురో సంపాదనపరులు, అందరి జీతం ఒకే ఇంటి ఈఎంఐకి పోయేది. ఫ్యాక్టరీ జీతంతో ఇల్లు, ఆ ఇంటి మీద అప్పు తెచ్చి కార్నర్ షాపు, ఆ షాపు మీద పిల్లల్ని ఫార్మసీకో అకౌంటెన్సీకో పంపడం. ఇదంతా చేస్తుంటే రేపు మా వీసా ఏమవుతుందో అన్న భయం వాళ్ళకి ఒక్కరోజు కూడా లేదు. నువ్వేమో వారం మధ్యలో ఇంటర్వ్యూకి పిలిస్తే, స్పాన్సర్ చేస్తారా అని మొదటి ఈమెయిల్‌లోనే అడగాల్సిన స్థితిలో ఉన్నావు. ఓపిక సంగతి తర్వాత చూద్దాం.

జవాబు: బర్మింగ్‌హామ్ నుంచి, రిటైర్డ్ డాక్టరు

లెస్టర్ అమ్మాయి చాలావరకు సరిగ్గా చెప్పింది. ఒక చోట మాత్రం ఒప్పుకోను. పాస్‌పోర్టే అంతా అయితే, అదే రోజుల్లో హక్కుతోనే వచ్చిన పాకిస్తాన్ వైపు మీర్‌పూర్ వాళ్ళు, బంగ్లాదేశ్ వైపు సిల్హెట్ వాళ్ళు అలాగే ఎందుకు పైకి రాలేదు?

నేను ఇక్కడికి వచ్చేటప్పటికే బ్రాడ్‌ఫర్డ్, ఓల్డం బట్టల మిల్లుల్లో రాత్రి షిఫ్టంతా పాకిస్తాన్ వాళ్ళదే. పొలాలు వదిలి వచ్చినవాళ్ళు, చదువు తక్కువ. మగవాళ్ళు ముందొచ్చి, కుటుంబాలు ఏళ్ళ తర్వాత చేరాయి. 1970ల చివరా, 80ల్లో ఆ మిల్లులు ఒక్కొక్కటే మూతబడ్డాయి. ఇల్లు అక్కడే, మసీదు అక్కడే, పని మాత్రం లేదు. 1994లో పాలసీ స్టడీస్ ఇన్‌స్టిట్యూట్ ఒక పెద్ద సర్వే చేసింది. అందులో తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చిన ఆసియా వాళ్ళని భారత్ నుంచి నేరుగా వచ్చినవాళ్ళతో కలపకుండా విడిగా లెక్కగట్టారు. ఉద్యోగాల్లో, సంపాదనలో వాళ్ళు తెల్లవాళ్ళకి దాదాపు సమానంగా తేలారు. నేరుగా వచ్చిన భారతీయులు వాళ్ళకి కాస్త వెనక. పాకిస్తాన్, బంగ్లాదేశ్ వాళ్ళు బాగా అడుగున.

సొంత ఇళ్ళ లెక్క చూసినా అంతే. 2016-18 ప్రభుత్వ లెక్కల్లో సొంత ఇల్లున్న కుటుంబాలు భారతీయుల్లో 74 శాతం, తెల్ల బ్రిటిషర్లలో 68, పాకిస్తాన్ వాళ్ళలో 58, బంగ్లాదేశ్ వాళ్ళలో 46, ఆఫ్రికా నల్లజాతి వాళ్ళలో 20. ఈ చివరి అంకె దగ్గర కాస్త ఆగు. అమీన్ కాలంలోనూ, తర్వాత అధ్యక్షుడైన ఒబోటే కాలంలోనూ ప్రాణభయంతో పారిపోయి వచ్చిన నల్ల ఉగాండా వాళ్ళు కూడా ఆ 20 శాతం గుంపులోనే ఉన్నారు. దేశం ఒకటే, తరిమినవాడూ ఒక్కోసారి ఒకడే. కాబట్టి ఉగాండా వాళ్ళు గట్టివాళ్ళు అనే మాటకి అర్థం లేదు. ఏ ఉగాండా వాళ్ళు, ఏ ఏడాది వచ్చారు, ఏం తెచ్చుకున్నారు అని అడగాలి.

మన తెలుగు డాక్టర్లం మాకు మేం గొప్పవాళ్ళమనుకుంటాం గానీ, మాకూ అంతే. ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌కి మనుషులు కావాల్సి వచ్చి మమ్మల్ని రానిచ్చారు. గుంటూరు, వైజాగ్ కాలేజీల డిగ్రీ చేతిలో ఉంది. తెల్ల డాక్టర్లు వద్దనుకున్న వృద్ధుల వార్డులు, బొగ్గు గనుల ఊళ్ళలో ప్రాక్టీసులు మాకు మిగిలాయి. అక్కడే స్థిరపడ్డాం.

మళ్ళీ లెస్టర్ నుంచి

డాక్టర్ గారూ, మీరన్నది నిజమే, దానికి రుజువు మా వీధిలోనే ఉంది. డయ్యూ, డామన్ నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడ వేలమంది. 1961 దాకా అవి పోర్చుగల్ చేతిలో ఉన్నాయి కాబట్టి పోర్చుగీసు పాస్‌పోర్టు దొరికింది. దాంతో యూరోపియన్ పౌరులుగా బ్రెగ్జిట్‌కి ముందే వచ్చేశారు. వీళ్ళూ గుజరాతీలే, వీళ్ళకీ వీసా భయం లేదు. కానీ ఇంగ్లీషు తక్కువ, చేతిలో వ్యాపారం లేదు. చాలామంది బట్టల వర్క్‌షాపుల్లో తేలారు. 2020 లాక్‌డౌన్లో కనీస వేతనం కూడా ఇవ్వడం లేదని పేపర్లన్నీ రాసినవి అవే. అంటే కాగితం ఒక్కటే చాలదు. అది లేకపోతే మాత్రం మిగతావి చేతిలో ఉన్నా అక్కరకు రావు.

జవాబు: కంపాలా నుంచి

బ్రదర్, ఇటువైపు సంగతి నేను చెప్తాను. నాది తణుకు, జింజా రోడ్డు వైపు ఫ్యాక్టరీలో ఉంటాను.

డబ్బు మిగులుతుంది, అది నిజం. ఇల్లు, కారు, వంటమనిషి ఇస్తారు కాబట్టి జీతం దాదాపు మొత్తం ఇంటికి పంపొచ్చు. మీ లోన్ ఇక్కడ లండన్‌కన్నా త్వరగా తీరుతుంది. అమీన్ లాక్కుని తనవాళ్ళకి పంచిన దుకాణాలు, మిల్లులు కొన్నేళ్ళలోనే మూలపడ్డాయి. 1986లో ముసెవెనీ అధ్యక్షుడయ్యాక ఆసియా వాళ్ళని తిరిగి రమ్మన్నాడు, ఆస్తులు వెనక్కి ఇచ్చారు. కకీరాలో మాధ్వానీలు, లుగాజీలో మెహతాలు అనే గుజరాతీ వ్యాపార కుటుంబాలు చక్కెర ఫ్యాక్టరీలు మళ్ళీ నిలబెట్టారు. జనాభాలో ఒక్క శాతం కూడా లేని మనవాళ్ళ చేతిలో ఇవాళ బ్యాంకులు, హోటళ్ళు, స్టీలు, మందుల దిగుమతి ఉన్నాయి.

కానీ "మనవాళ్ళు" అంటే ఎవరు? ఆ యజమానులు వేరు, మనం వేరు. మనం వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్ళం. యజమానికి కోపం వస్తే పర్మిట్ రెన్యూవల్ ఆగుతుంది. విదేశీయుడు ఇక్కడ భూమి సొంతంగా కొనలేడు, లీజుకి తీసుకోవాలి, అదీ 99 ఏళ్ళకి మించదు. 2009 నుంచి ఉగాండా రెండు పౌరసత్వాలు ఉండనిస్తుంది గానీ మన ఇండియా ఉండనివ్వదు. ఫ్యాక్టరీ కాంపౌండులోనే ఇల్లు, గుడి, క్రికెట్. ఏళ్ళ తరబడి ఉన్నా ఇక్కడి భాష లుగాండాలో పది మాటలు రానివాళ్ళు ఉన్నారు. 2007 ఏప్రిల్లో మబీరా అడవిలో కొంత భూమి చెరకు కోసం మెహతా కంపెనీకి ఇస్తామని ప్రభుత్వం అంటే కంపాలాలో ఊరేగింపు బయలుదేరింది. అది కాస్తా ఇండియన్ల మీదకి తిరిగి ఒకతన్ని కొట్టి చంపేశారు. అతనికీ ఆ అడవికీ ఏ సంబంధమూ లేదు. మామూలు రోజుల్లో ఇక్కడి జనం చాలా మర్యాదస్తులు, నాకు ఏనాడూ ఇబ్బంది రాలేదు. అయినా మా ఆఫీసులో పాతవాళ్ళెవరూ పాస్‌పోర్టులు బ్యాంకు లాకర్లో పెట్టరు, ఇంట్లోనే అందేలా ఉంచుకుంటారు.

మూడు నాలుగేళ్ళు వచ్చి అప్పు తీర్చుకుని వెళ్ళేవాళ్ళకి మంచి చోటు. ఇక్కడే పాతుకుపోవాలంటే సొంత పెట్టుబడి కావాలి.

కొత్త సభ్యుడు

అన్నా, అక్కా, డాక్టర్ గారూ, చాలా థ్యాంక్స్. బ్రిటన్‌లోనే ప్రయత్నిస్తే ఎంతకాలం చూడొచ్చు? అందాకా ఇంట్లో పచ్చళ్ళు పెట్టి అమ్ముదామని రూమ్మేట్ అంటున్నాడు, చెయ్యొచ్చా? వాడు ఇంకా స్టూడెంట్ వీసాలో ఉన్నాడు.

లెస్టర్ నుంచి

రూమ్మేట్ పేరు మీద వద్దు. స్టూడెంట్ వీసాలో సొంత వ్యాపారం చెయ్యకూడదు, పట్టుబడితే వీసా రద్దు చేస్తారు. గ్రాడ్యుయేట్ వీసాలో నువ్వు చెయ్యొచ్చు. కౌన్సిల్‌లో ఫుడ్ బిజినెస్‌గా రిజిస్టర్ చెయ్యాలి, ఫీజు లేదు, మొదలుపెట్టడానికి 28 రోజుల ముందు చెప్పాలి. టాక్సు ఆఫీసుకి కూడా చెప్పాలి. అద్దె ఇల్లు కాబట్టి ఓనరు గారిని అడుగు. వ్యాపారం అంటే ఆయనకి హుషారు, మామిడికాయలు హోల్‌సేల్లో ఎక్కడ దొరుకుతాయో కూడా చెప్తాడు.

ఎంతకాలం అంటావా, గ్రాడ్యుయేట్ వీసా కాలం శాశ్వత నివాసానికి కావాల్సిన ఐదేళ్ళ లెక్కలోకి రాదు. కంపెనీ స్పాన్సర్ చేసే స్కిల్డ్ వర్కర్ వీసాలోకి మారిన రోజు నుంచే ఆ లెక్క. ఆ ఐదేళ్ళని పదేళ్ళు చేస్తామని 2025 మేలో ప్రభుత్వం ప్రతిపాదన కూడా తెచ్చింది, కాబట్టి ప్రతి నిర్ణయానికి ముందు గవర్నమెంట్ వెబ్‌సైట్ చూసుకో. ఆ వీసాకి ఉండాల్సిన కనీస జీతం 2025 జూలై నుంచి మామూలుగా ఏడాదికి 41,700 పౌండ్లు. చదువు నుంచి నేరుగా వచ్చే నీలాంటి వాళ్ళకి 33,400 సరిపోతుంది, ఆ వెసులుబాటు కొన్నేళ్ళే. నైట్ షిఫ్టు చేసి పగలు అప్లికేషన్లు పెడుతుంటే ఇంటర్వ్యూలో కళ్ళు మూతలు పడతాయి. షిఫ్టులు తగ్గించుకో. వీసా అయిపోవడానికి ఆరు నెలల ముందు దాకా చూడు. అప్పటికీ ఆఫర్ లేకపోతే కంపాలా అన్నతో మాట్లాడు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, అప్పు ఎక్కడ తీర్చినా అప్పే.

స్పాన్సర్ లైసెన్సున్న కంపెనీల జాబితా అదే వెబ్‌సైట్లో ఉచితంగా ఉంటుంది. లెస్టర్, నాటింగ్‌హామ్, డెర్బీ పేర్లు వడకట్టి పెట్టుకో. సీవీ నాకు పంపు, శనివారం చూస్తాను.