జీతం పెరిగినా క్రెడిట్ కార్డు లిమిట్ పెరగట్లేదు

ఓ ప్రైవేటు బ్యాంకు కార్డు 2022 నుంచి వాడుతున్నాను. లిమిట్ అప్పుడూ ఇప్పుడూ 60,000 రూపాయలే. ఈలోపు జీతం 32 వేల నుంచి 58 వేలకు చేరింది. సిబిల్ స్కోరు (అప్పులు కట్టే తీరును బట్టి ఇచ్చే క్రెడిట్ స్కోరు) 771. బిల్లు ఎప్పుడూ గడువులోపే పూర్తిగా కడతాను, మినిమమ్ డ్యూ (బిల్లులో కనీస మొత్తం) మాత్రమే కట్టే జోలికే పోను.

యాప్‌లో 'ప్రస్తుతం ఆఫర్ లేదు' అని వస్తోంది. పే స్లిప్పులు, ఫారం 16 పంపితే 'ఇంటర్నల్ పాలసీ' అన్నారు. కస్టమర్ కేర్‌దీ అదే పాట.

నెలకు 40 వేల దాకా వాడతాను, లిమిట్‌లో 30 శాతం లోపే వాడితే స్కోరుకు మంచిదంటారు కదా, అది ఎప్పుడో దాటిపోతోంది. అందుకే ఈమధ్య స్టేట్‌మెంట్ వచ్చే 18వ తేదీకి ముందే చాలావరకు కట్టేసి, బిల్లు 12 వేలకు మించకుండా చూస్తున్నాను. స్కోరు కాస్త కదిలింది గానీ లిమిట్ కదల్లేదు. వేరే కార్డుకి అప్లై చేస్తే హార్డ్ ఎంక్వైరీ (బ్యాంకు మన క్రెడిట్ రిపోర్టు తీసి చూసినట్టు నమోదవడం) పడి స్కోరు తగ్గుతుందేమోనని టెన్షన్.

లిమిట్ పెరిగినవాళ్లు చెప్పండి: బిల్లు పూర్తిగా రానిచ్చి కట్టారా, ఇలా ముందే కట్టి తగ్గించారా?