లేచిపోయారు, లేచి వెళ్ళారు

మొన్న మా ఆఫీసులో మీటింగ్ జరుగుతుండగా మేనేజర్ గారికి ఫోనొస్తే బయటికి వెళ్ళారు. ఆవిడ. ఆలస్యంగా వచ్చిన కుర్రాడొకడు "మేడమ్ ఏరీ?" అనడిగాడు. పక్కవాడు ల్యాప్‌టాప్‌లోంచి తలెత్తకుండానే "ఇప్పుడే లేచిపోయారు" అన్నాడు. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత గదంతా నవ్వులు. అన్నవాడి చెవులు ఎర్రబడ్డాయి, "అదే... లేచి వెళ్ళారు" అని సర్దుకున్నాడు.

అప్పట్నుంచీ నాకిదే ఆలోచన. "సార్ లేచిపోయారు" అని ఉంటే ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. విస్తరి ముందు నుంచి లేచిపోయాడు, పంచాయితీ తెగకుండానే లేచిపోయాడు అంటాం. మగవాడు లేచిపోయాడంటే ఎక్కణ్ణించి అని అడుగుతాం. ఆడమనిషి లేచిపోయిందంటే ఎవరితో అని అడుగుతాం.

చలం 'మైదానం' తెరిచేది ఈ మాట మీద తగువుతోనే. కథ చెప్పే రాజేశ్వరి ప్లీడరు భార్య, అమీర్‌తో వెళ్ళిపోయింది. తను చేసినదాన్ని దాచదు, సిగ్గూ పడదు. ఆమె అభ్యంతరమల్లా ఆ పనికి లోకం పెట్టిన పేరు మీద. అది తన గురించి అన్నమాటగా ఒప్పుకోదు. నవల వచ్చింది 1927లో. చలం పోయింది 1979లో. ఆయన గురించి తిట్లూ పొగడ్తలూ ఇప్పటికీ ఆగలేదు గానీ, ఈ ఒక్క మాట దగ్గర మాత్రం ఆయన ఓడిపోయాడేమో అనిపిస్తుంది. మార్చి 8 వస్తే చాలు, స్త్రీకి శరీరం ఉంది, మెదడు ఉంది, హృదయం ఉంది అన్న ఆయన మాటలు అందరి స్టేటస్‌లలోనూ కనపడతాయి. అదే రోజు పేపర్లో జిల్లా పేజీ తిప్పితే "ప్రియుడితో వివాహిత పరార్" అని ఉంటుంది. 'లేచిపోవడం' మోటుగా ఉందని తీసేసి, నేరస్తులకి వాడే మాట తెచ్చి పెట్టారు.

దీనికి తటస్థంగా ఉండే మాట మనకి ఏదైనా ఉందా? 'వెళ్ళిపోయింది' అంటే పుట్టింటికా అని అడుగుతారు.

—

జవాబు: ఈ మాటలో చిక్కంతా 'పోవు'లో ఉంది సార్. పడిపోవు, విరిగిపోవు, చచ్చిపోవు, చెడిపోవు... మన చేతిలో లేకుండా జరిగే వాటికి ఇది తగులుకుంటుంది. గోడకి పెచ్చులు లేచిపోయాయి, గాలికి రేకులు లేచిపోయాయి అంటాం కదా. ఆ వరసలోనే ఆమెనీ చేర్చారు. తను నిర్ణయించుకుని వెళ్ళినట్టు కాదు, ఊడి వచ్చినట్టు.

జవాబు: అలా అయితే పారిపోవు, వెళ్ళిపోవు సంగతేంటండీ? అవి మనం కావాలని చేసేవేగా. 'పోవు'ని తప్పు పట్టక్కర్లేదు. పెచ్చులతో పోలిక బాగుంది గానీ, వ్యాకరణం మీద మరీ ఎక్కువ బరువు పెడుతున్నారు.

జవాబు: మా దిక్కు 'లేచిపోయింది' అంటరు, కానీ 'ఫలానా పిలగాడు లేపుకపోయిండు' అన్నదే నేను ఎక్కువ విన్న. ఇంక ఘోరం. మొదటి దాంట్లో తిట్టుకైనా ఆమె కర్త. రెండో దాంట్లో ఆమె కర్మ, కోడిపిల్లను గద్ద ఎత్తుకపోయినట్టు. ఇద్దరు కలిసి పోతే తప్పు ఆమెకు, తెలివి వానికి.

జవాబు: చలం ఓడిపోయాడంటున్నారు, అసలు ఆయన పూర్తిగా పోరాడాడా అని నా అనుమానం. మైదానంలో రాజేశ్వరికి కడుపొస్తే తీయించుకోమని పట్టుబట్టేది ఆ అమీరే. పేరు మార్చినంత మాత్రాన ఏం మారింది? ప్రేమ కోసం ఇల్లు వదిలే స్వేచ్ఛ ఇచ్చాడు, ప్రేమలో 'వద్దు' అనే స్వేచ్ఛ సరిగ్గా ఇవ్వలేదు. నాకు చలం ఇష్టమే, ఇరవై ఏళ్ళప్పుడు ఆయన పుస్తకాలకి పాత క్యాలెండర్ కాగితాలు అట్టలేసి చదివినదాన్ని. అయినా అంటున్నా.

ఇంకో సంగతి. 1950లో ఆయన బెజవాడ వదిలి రమణ మహర్షి దగ్గరికి అరుణాచలం వెళ్ళారు, ఇరవై తొమ్మిదేళ్ళ తర్వాత అక్కడే పోయారు. ఆ ప్రయాణాన్ని ఎవరూ 'లేచిపోవడం' అనలేదు చూడండి.

—

అందరికీ థాంక్స్. మేడమ్ గారూ, మీరన్న అమీర్ సంగతి ఒప్పుకుంటాను, అక్కడ నాకూ ప్రతిసారీ చదువు ఆగిపోతుంది. పోనీ ఆ సన్నివేశం రాసి మనకి కోపం తెప్పించింది కూడా చలమే కదా అని సర్దిచెప్పుకుంటాను, అది అభిమానంతో చెప్పే సాకు కావచ్చు.

నిన్న రాత్రి ఇంకొకటి తట్టింది. ఈ మాట ప్రథమ పురుషలో తిట్టు. ఉత్తమ పురుష బహువచనంలో మాత్రం తిట్టు కాదు. "లేచిపోదామా?" అని ఈనాటి అమ్మాయి నవ్వుతూ అడగ్గలదు. "మేం లేచిపోయి పెళ్ళి చేసుకున్నాం" అని విందులో పదిమందికీ చెప్పుకునే జంటలున్నాయి. రాజేశ్వరి వద్దని తోసేసిన మాటని వీళ్ళు తీసుకుని జేబులో వేసుకున్నారు. కాబట్టి ఓడిపోయాడన్నమాట కొంచెం వెనక్కి తీసుకుంటున్నా. కొంచెమే. 'లేచిపోయింది' ఎక్కడున్నది అక్కడే ఉంది.

మా పిన్నిది రిజిస్టరు పెళ్ళి. ముప్పై ఐదేళ్ళయింది. చలం పేరు విందేమో గానీ ఒక్క పేజీ చదివి ఉండదు. చుట్టాల్లో ఎవరైనా "అప్పట్లో నువ్వు లేచిపోయినప్పుడు..." అని మొదలుపెడితే పిన్ని అక్కడే ఆపేస్తుంది: "లేచిపోవడం ఏంటే? ఇద్దరం టికెట్ కొనుక్కుని పొద్దున ఆరింటి బస్సెక్కాం. ఆయనకి చిల్లర లేకపోతే నేనే ఇచ్చాను."